నెక్రోమాన్సర్ పది అస్థిపంజరాలతో వస్తే గేమ్ ఎలా నడపాలి? గుత్తి కోట మీద మేం నేర్చుకున్నది

ఇక్కడ నేను ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్‌బ్యాంకుల గురించే రాస్తుంటాను. ఈసారి కాస్త రూటు మారుద్దాం. పోయిన నెల డైస్ యాప్‌ల మీద రాసిన ఆర్టికల్ చదివి చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, ఆ డైస్‌తో మీరు ఆడేది ఏంది?" మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ 1974లో తెచ్చిన గేమ్ ఇది. స్క్రీన్, కన్సోల్ ఏమీ అక్కర్లేదు. ఒకరు కథ నడుపుతారు, ఆయన డంజన్ మాస్టర్. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. గెలుస్తామా లేదా అనేది 20 ముఖాల డైస్ చెబుతుంది.

మా ఊరు గుత్తి. ఆదివారం సాయంత్రం ఎండ దిగాక మా మేడ మీద ఐదుగురం కూర్చుంటాం. డంజన్ మాస్టర్ నేనే. ఏడాదిన్నరగా ఆడుతున్నాం గానీ ఈ మధ్యలో గేమ్ రెండుసార్లు ఆగిపోయింది. రెండుసార్లూ కారణం ఒకటే, నెక్రోమాన్సర్. అంటే శవాల్ని లేపి సైన్యం చేసుకునే మాంత్రికుడు. మొదటిసారి లెక్కల దగ్గర ఆగిపోయింది. రెండోసారి ఆగింది లెక్కల వల్ల కాదు, దాని సంగతి తర్వాత చెప్తా.

మా మేనమామ కొడుకు, అంటే మా బావ, విజార్డ్ ఆడతాడు. నెక్రోమాన్సీ స్కూల్ తీసుకున్నాడు. ఐదో లెవెల్‌లో యానిమేట్ డెడ్ అనే స్పెల్ వస్తుంది. దాంతో ఒక ఎముకల కుప్పని అస్థిపంజరంగానో, ఒక శవాన్ని జాంబీగానో లేపొచ్చు. ఆరో లెవెల్‌లో అన్‌డెడ్ థ్రాల్స్ అనే పవర్ వచ్చాక ఒక్కో స్పెల్‌కి ఒకటి కాదు, రెండు లేస్తాయి. పైగా ఒక్కోదానికి విజార్డ్ లెవెల్ అంత హిట్ పాయింట్లు ఎక్స్‌ట్రా. దెబ్బకి ప్రొఫిషియన్సీ బోనస్ కూడా కలుస్తుంది. మామూలు అస్థిపంజరానికి 13 హిట్ పాయింట్లు, మా బావ అస్థిపంజరానికి 19.

ఆరో లెవెల్‌లో అతనికి మూడో స్థాయి స్లాట్లు మూడు. మొదటి రోజు మూడూ వాడితే ఆరు అస్థిపంజరాలు. కానీ వాటి మీద కంట్రోల్ 24 గంటలే. ఆ గడువు దాటకముందే మళ్ళీ స్పెల్ వేయాలి, ఒక్కో స్లాట్‌తో నాలుగింటి కంట్రోల్ మాత్రమే రెన్యూ అవుతుంది. కాబట్టి రెండో రోజు రెండు స్లాట్లు పాతవాటికి, ఒకటి కొత్తవాటికి, మొత్తం ఎనిమిది. మూడో రోజు పది. నాలుగో రోజు పదింటినీ నిలబెట్టుకోవడానికే మూడు స్లాట్లూ అయిపోతాయి. షార్ట్ రెస్ట్‌లో ఆర్కేన్ రికవరీతో ఒక స్లాట్ తిరిగొస్తుంది, దాన్ని మా బావ ఫైర్‌బాల్ కోసం దాచుకుంటాడు. అలా ఆ సైన్యం పది దగ్గర ఆగింది. మా ప్రాణానికి అదే చాలయ్యింది.

పది అస్థిపంజరాలంటే పది సార్లు గురి చూడాలి, తగిలిన ప్రతిదానికీ డ్యామేజ్ రోల్ వేయాలి. మొదటి రోజు నేను ఫోన్‌లో టైమర్ పెట్టి చూశాను. మా బావ ఒక్క టర్న్‌కి 19 నిమిషాలు! ఆరెస్ నుంచి బండి మీద వచ్చే ఫ్రెండ్ ఫైటర్ ఆడతాడు. కత్తి ఒకసారి ఊపి, మళ్ళీ తన వంతు వచ్చేదాకా ఫోన్‌లో రీల్స్ చూస్తూ కూర్చున్నాడు. క్లెరిక్ ఆడే మా చిన్నమ్మ కూతురు కిందికెళ్ళి అందరికీ టీ పెట్టుకొచ్చింది. వచ్చి చూస్తే ఇంకా ఏడో అస్థిపంజరం దగ్గరే ఉన్నాం. "ఏమప్పా, నీ ఎముకలు అయ్యేలోపల నా టీ చల్లారిపోతాది" అన్నాడు ఫైటర్. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో ఎవరూ గుడ్ నైట్ కూడా పెట్టలేదు.

మనం గ్యాడ్జెట్ మనుషులం కదా, టెక్నాలజీతో సరిచేద్దామనుకున్నాను. గూగుల్ షీట్స్‌లో రాండ్‌బిట్వీన్ ఫార్ములాతో పది సెల్స్‌లో పది డైస్ పెట్టి, కౌంట్‌ఇఫ్‌తో ఎన్ని తగిలాయో వచ్చేలా చేశాను. చూడ్డానికి సూపర్‌గా ఉంది. ఐదు తగిలాయి, ఓకే. పక్క కాలమ్‌లో శత్రువు హిట్ పాయింట్లు తగ్గించి రాశాను. అంతే, డైస్ పదీ మారిపోయి తగిలినవి మూడే అని చూపించింది! షీట్‌లో ఏ సెల్ మార్చినా రాండ్‌బిట్వీన్ మళ్ళీ లెక్కేస్తుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. మా బావ ఐదంటాడు, నేను స్క్రీన్ చూపించి మూడంటాను. అరగంట గొడవ. మీరెవరైనా ఇదే ట్రిక్ వాడాలనుకుంటే డైస్‌ని ఒక ఫైల్‌లో, హిట్ పాయింట్లని ఇంకో ఫైల్‌లో పెట్టుకోండి. లేదంటే పది డైస్ ఒకేసారి వేసి, మీరిచ్చిన నంబర్‌కి పైన ఎన్ని పడ్డాయో చెప్పే యాప్ వాడండి. రోల్20 లాంటి సైట్లలో ఈ ఫీచర్ ఉంది.

అసలు పరిష్కారం మాత్రం పుస్తకంలోనే దొరికింది. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో హ్యాండ్లింగ్ మాబ్స్ అని ఒక చిన్న భాగం ఉంది, చాలామంది పేజీ తిప్పేస్తారు. గుంపు దాడి చేసినప్పుడు రోల్ అవసరం లేదు. తగలాలంటే డైస్ మీద ఎంత పడాలో చూడండి. 5 లోపు చాలంటే ప్రతివాడూ కొడతాడు. 6 నుంచి 12 అయితే ఇద్దరికి ఒకటి తగులుతుంది. 13, 14 అయితే ముగ్గురికి ఒకటి, 15, 16 అయితే నలుగురికి, 17, 18 అయితే ఐదుగురికి ఒకటి. 19 కావాలంటే పదిమంది, 20 కావాలంటే ఇరవైమంది ఉండాలి.

ఉదాహరణకి శత్రువు ఆర్మర్ క్లాస్ 15 అనుకుందాం. అస్థిపంజరం బోనస్ 4. అంటే డైస్ మీద 11 పడాలి, ఇద్దరికి ఒకటి. పదింటికి ఐదు బాణాలు తగిలాయి. ఒక్కో దెబ్బ సగటున ఎనిమిదిన్నర, దాన్ని 8 అనుకుంటే మొత్తం 40. అయిపోయింది! 19 నిమిషాల పని 10 సెకన్లలో. డైస్ వేసే థ్రిల్ పోతుందని మా బావ మొదట మూతి ముడుచుకున్నాడు. అతని ఫైర్‌బాల్ సగటు డ్యామేజ్ 28 అని, ఎముకలు ఒక్క రౌండ్‌లో 40 కొడుతున్నాయని చూపించాక మళ్ళీ మాట్లాడలేదు.

టోకెన్ల సంగతి కూడా చెప్పాలి. మినియేచర్లు ఆన్‌లైన్‌లో కొనాలంటే మా బడ్జెట్ సరిపోదు. అనంతపురం జిల్లాలో చెనిక్కాయలకి కొదవా? ఒక్కో అస్థిపంజరానికి ఒక చెనిక్కాయ. ఒక దెబ్బ తిన్నదాన్ని అడ్డంగా పడుకోబెడతాం, రెండో దెబ్బకి అది పోయినట్టే, ఒలుచుకుని తినేయడమే. హిట్ పాయింట్లు ఒక్కోదానికి విడివిడిగా రాసే బాధ తప్పింది.

ఇక్కడిదాకా మన వైపు నెక్రోమాన్సర్ ఉంటే ఏం చేయాలో చూశాం. ఎదుటివైపు ఉంటే? దీనికి మా కోటని వాడుకున్నాను.

గుత్తి చూడనివాళ్ళకి: ఊరి మీద పెద్ద రాతి కొండ, దాని చుట్టూ శంఖంలా మెలికలు తిరుగుతూ పైకెళ్ళే గోడలు, బురుజులు, ఒకదాని తర్వాత ఒకటి ద్వారాలు. పైన ఒక అంచున చిన్న మండపం ఉంది. మరాఠా సర్దారు మురారి రావు ఘోర్పడే అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెప్పుకుంటారు. 1776లో హైదర్ అలీ ఈ కోటని ముట్టడించాడు. ఇంత గట్టి కోట చివరికి నీళ్ళు లేక లొంగిపోయింది. కరువు సీమలో యుద్ధమంటే అంతే మరి, గోడ ఎంత ఎత్తున్నా బావి ఎండితే కథ ముగిసినట్టే.

నాకు ఐడియా అక్కడే వచ్చింది. ఆ కోటలో మనుషుల బదులు అస్థిపంజరాలుంటే? వాటికి నీళ్ళు అక్కర్లేదు, తిండి అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు. హైదర్ అలీ ఏళ్ళ తరబడి కూర్చున్నా ఏం చేయలేడు. మా నలుగురినీ కోట కింద నిలబెట్టి, పైన ఒక శత్రు నెక్రోమాన్సర్‌ని కూర్చోబెట్టాను. "ఎట్ల దిగుతాడో చూద్దాం, రేయ్" అని రెండు సెషన్లు ఎముకల్ని కొడుతూనే ఉన్నారు. పగలు ఆరింటిని పడగొడతారు, మర్నాటికి కొన్ని మళ్ళీ లేస్తాయి. వాళ్ళు పాత ఎముకల్ని అక్కడే వదిలేసి వస్తున్నారు మరి!

మూడో సెషన్‌లో మా చెల్లెలు పుస్తకం తీసి స్పెల్‌ని లైన్ బై లైన్ చదివింది. మీరూ ఒకసారి చదవండి, మొత్తం వీక్‌నెస్ అక్కడే ఉంది. మన భాషలో చెప్పాలంటే అన్‌డెడ్ సైన్యం బ్యాటరీ లైఫ్ సరిగ్గా 24 గంటలు, చార్జర్ మాత్రం ఒక్కటే. స్పెల్ రేంజ్ 10 అడుగులు, వేయడానికి ఒక నిమిషం పడుతుంది. అంటే ఏ ద్వారం దగ్గర కాపలా ఉన్న అస్థిపంజరమైనా రోజుకోసారి నెక్రోమాన్సర్ పక్కకి వచ్చి నిలబడాలి, లేదా ఆయనే దాని దగ్గరికి దిగాలి. కొత్త ఆర్డర్ ఇవ్వాలన్నా 60 అడుగుల లోపల ఉండాలి. ఆర్డర్ లేకపోతే అవి తమని తాము కాపాడుకుంటాయి తప్ప ఇంకేం చేయవు. పైగా ఆ స్లాట్లు తిరిగి రావాలంటే ఆయన నిద్రపోవాలి, లాంగ్ రెస్ట్ తీసుకోవాలి. ఎముకలకి నీళ్ళు అక్కర్లేదు సరే, వాటి యజమానికి నిద్ర కావాలి కదా. ఆ కోటలో ఎండిపోవాల్సిన బావి అదే.

కొత్తగా ఆడేవాళ్ళు ఇక్కడ రెండు పొరపాట్లు చేస్తారు. విజార్డ్‌ని కొట్టి కాన్సన్‌ట్రేషన్ పోగొడితే అస్థిపంజరాలు కూలిపోతాయనుకుంటారు. యానిమేట్ డెడ్‌కి కాన్సన్‌ట్రేషనే లేదు. రెండోది డిస్పెల్ మ్యాజిక్. అదీ పనిచేయదు, ఎందుకంటే స్పెల్ క్షణంలో అయిపోయింది, ఇప్పుడు మీ ముందున్నది మామూలు రాక్షసుడితో సమానం.

పనిచేసేవి వేరే ఉన్నాయి. అస్థిపంజరాలకి మొద్దు ఆయుధాల దెబ్బ డబుల్ తగులుతుంది. కత్తులు పక్కన పడేసి గద, సుత్తి, కొండ మీది గుండ్లు వాడండి. విషం వాటికి ఎక్కదు. జాంబీ అయితే వేరే తలనొప్పి. చచ్చిందనుకున్నాక కూడా ఒక సేవ్ వేసి, అది గెలిస్తే ఒక హిట్ పాయింట్‌తో నిలబడుతుంది. రేడియంట్ డ్యామేజ్‌కీ క్రిటికల్‌కీ మాత్రం ఆ చాన్స్ లేదు. అది రౌండ్‌కి 20 అడుగులే నడుస్తుంది కాబట్టి దూరం నుంచి కొట్టడం మేలు.

అన్నిటికంటే పెద్ద ఆయుధం క్లెరిక్. ఐదో లెవెల్ దాటిన క్లెరిక్ టర్న్ అన్‌డెడ్ వాడితే 30 అడుగుల్లో సేవ్ ఫెయిలైన అస్థిపంజరాలూ జాంబీలూ పారిపోవడం కాదు, అక్కడికక్కడే నాశనమవుతాయి. మా చెల్లెలి డీసీ 14, అస్థిపంజరం విజ్డమ్ మైనస్ 1. దానికి డైస్ మీద 15 పడితేనే బతుకు. అంటే పదింటిలో సగటున ఏడు ఒక్క యాక్షన్‌లో పోతాయి! 2024 పుస్తకంలో ఇది కాస్త మారింది, అక్కడ నాశనం బదులు రేడియంట్ డ్యామేజ్ పడుతుంది. మేం ఇంకా 2014 రూల్సే ఆడుతున్నాం. ఫ్రీగా మొదలుపెట్టాలనుకుంటే 5.1 రూల్స్ డాక్యుమెంట్‌ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద ఇచ్చేశారు. యానిమేట్ డెడ్, అస్థిపంజరం, జాంబీ, టర్న్ అన్‌డెడ్ అన్నీ అందులో ఉన్నాయి. నెక్రోమాన్సీ స్కూల్‌కి మాత్రం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కావాలి.

పై లెవెల్స్‌లో లిచ్ వస్తుంది. చంపినా ఫైలాక్టరీ అనే పెట్టెలో ప్రాణం ఉంటుంది కాబట్టి తిరిగొస్తాడు. మనకి ఇది కొత్తేం కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టే. ఎక్కడో ఉన్న చిలకని వెతికి పట్టుకోవడమే అసలు కథ, ఫకీరుతో ఫైట్ కాదు. మీ లిచ్‌ని కూడా అలాగే నడపండి.

ఇక రెండోసారి గేమ్ ఎందుకు ఆగిందో చెప్తా. ఇది కోట ముట్టడికి ముందు సంగతి.

మా బావకి ఎప్పుడూ కొత్త ఎముకలు కావాలి. ఒకసారి కొండ కింద ఉన్న ఇంగ్లీషువాళ్ళ శ్మశానంలో సర్ థామస్ మన్రోనే లేపుతానన్నాడు. మన్రో 1827 జూలై 6న పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే తెచ్చి గుత్తిలో పూడ్చారు. 1831లో అవశేషాల్ని మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకెళ్ళారు. "స్పెల్ వేశావు, సమాధి ఖాళీ, స్లాట్ పోయింది" అన్నాను. అందరం పడీ పడీ నవ్వాం. ఆ ఊపులో నేను పక్క పల్లె శ్మశానాన్ని వర్ణించడం మొదలుపెట్టాను. కొత్తగా పూడ్చిన ముసలాయన. భుజం మీద తువ్వాలు. లేచి నిలబడ్డాడు, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ మా బావ వెనక నడిచాడు. భయం పుట్టించాలని కాలు ఈడ్చడం నేనే కలిపాను.

ఫైటర్ ఆడే ఫ్రెండ్ డైస్ కింద పెట్టాడు. "ఫోన్ చేసుకోని వస్తా" అని దిగి వెళ్ళాడు. కాసేపటికి బండి స్టార్ట్ అయిన శబ్దం వినపడింది. తర్వాత మూడు ఆదివారాలు రాలేదు. వాళ్ళ తాత పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ సంగతి నాకు తెలుసు, కర్మకి నేను వెళ్ళాను, భోజనం చేశాను. గేమ్‌లో ఉన్నప్పుడు గుర్తు రాలేదు, అంతే. నాలుగో వారం ఆరెస్‌లో టీ కొట్టు దగ్గర దొరికాడు. "మా తాత గూడా అట్లే తువ్వాలు ఏసుకుంటాండె" అన్నాడు. ఇంకేం అనలేదు. సారీ చెప్పాను. అతను టీ డబ్బులు ఇచ్చేసి వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకు అర్థమైంది, మేం ఇన్నాళ్ళూ ఎన్ని అస్థిపంజరాలు అనే చూశాం, అవి ఎవరివి అని ఒక్కరూ అడగలేదు. రోల్‌ప్లేయింగ్ గేమ్స్‌లో దీనికి ఎక్స్-కార్డ్ అని ఒక పద్ధతి ఉంది, జాన్ స్టావ్రోపోలోస్ తయారుచేశాడు. టేబుల్ మధ్యలో ఒక కార్డు పెడతారు. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సీన్ ఆగిపోతుంది, కారణం చెప్పక్కర్లేదు. మేం కార్డు బదులు నా పాత ఫోన్ పెట్టాం. దాన్ని బోర్లా తిప్పితే సీన్ కట్. ఇంకోటి, గేమ్ మొదలుపెట్టే ముందే ఏవి వద్దో మాట్లాడుకున్నాం. కొత్త సమాధులు వద్దు, ఇంటి మనుషుల గుర్తులు వద్దు. నెక్రోమాన్సర్ ఎవరిని లేపుతున్నాడో ముందు చెప్పాలి, అందరూ సరేనంటేనే స్పెల్. ఇవన్నీ రాసి గ్రూపులో పెట్టాను. ఫ్రెండ్ బొటనవేలి ఎమోజీ ఒకటి పెట్టి, ఆ ఆదివారం వచ్చాడు.

ఇంకో మార్పు భేతాళ కథల నుంచి వచ్చింది. చిన్నప్పుడు ఇంట్లో పాత చందమామలు తిరగేసిన ఎవరికైనా తెలుసు. విక్రమార్కుడి భుజం మీది శవం చెప్పిన పని చేసే జాంబీ కాదు. కథ చెబుతుంది, ప్రశ్న అడుగుతుంది, చివరికి ఆ శవాన్ని తెమ్మన్న మాంత్రికుడు రాజునే బలివ్వబోతున్నాడని హెచ్చరిస్తుంది. కథాసరిత్సాగరంలో కూడా ఉన్న కథ ఇది, అంటే దాదాపు వెయ్యేళ్ళ నాటి మాట. మన అన్‌డెడ్‌కి సొంత బుద్ధి ఉందన్నమాట. 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లోనూ ఇలాంటిదే ఒక ముక్క ఉంది: కంట్రోల్ తప్పిన అస్థిపంజరాలు ఒక్కోసారి బతికున్నప్పుడు చేసిన పనుల్నే మళ్ళీ చేస్తూ ఉంటాయట. ఆ ముక్కని నేను దాచిపెట్టుకున్నాను.

కోట సెషన్‌కి వద్దాం. స్పెల్ చదివాక ప్లాన్ మారిపోయింది. ఎముకల్ని కొట్టడం ఆపేశారు. రాత్రంతా కోట చుట్టూ డప్పులు, మంటలు, రాళ్ళ వాన. నెక్రోమాన్సర్‌కి లాంగ్ రెస్ట్ దొరకలేదు. రెండో రాత్రీ అంతే. 24 గంటలు దాటాయి, స్లాట్ ఒక్కటి లేదు. మా నలుగురూ ఆఖరి ద్వారంలోకి దూసుకొచ్చి, పది అస్థిపంజరాలు మీద పడతాయని ఆయుధాలు ఎత్తారు.

అవి వీళ్ళని చూడనే లేదు. ఒక్కొక్కటే నడుచుకుంటూ కోటలో ఎండిపోయిన బావి దగ్గరికి వెళ్ళాయి. చేతిలో తాడు లేదు, చేద లేదు. ఐనా వంగి చేద వేస్తున్నట్టు, తోడుతున్నట్టు, పక్కవాడికి అందిస్తున్నట్టు చేతులు ఆడిస్తున్నాయి. మా కథలో అవి ముట్టడిలో దప్పికతో పోయిన సిపాయిల ఎముకలు.

ఎవరూ డైస్ వేయలేదు. చెల్లెలు టర్న్ అన్‌డెడ్ అనబోయి ఆగింది. నేను టేబుల్ మీది పాత ఫోన్ వైపు చూశాను, ఎవరూ దాన్ని తిప్పలేదు. ఫైటర్ తన క్యారెక్టర్ షీట్ తీసి సామాన్ల లిస్టు చూసుకున్నాడు.

"నా దగ్గర వాటర్‌స్కిన్ ఉంది కదప్పా?"

"ఉంది."

"నిండా ఉందా?"

"సగం."

"వాళ్ళ చేతుల్లో పోస్తా. దేనికి రోల్ వేయాల?"

రోల్ అవసరం లేదన్నాను. అతను పదిమందికీ పోశాడు, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి. నీళ్ళు ఎముకల సందుల్లోంచి కారి బావిలో పడ్డాయి. ఒక్కో అస్థిపంజరం కూర్చుని, అలాగే ఎముకల కుప్పయిపోయింది. రూల్స్‌లో ఇలాంటిది ఎక్కడా లేదు, నన్ను అడక్కండి.

నెక్రోమాన్సర్ వెనక గోడ దిగి పారిపోయాడు, వాడి సంగతి ఇంకా మిగిలే ఉంది. టేబుల్ మీద పది చెనిక్కాయలు ఉన్నాయి. మా బావ వాటిని ఒలవకుండా లెక్కపెట్టి డబ్బాలో వేసుకున్నాడు.